ఆపాడా, ఎక్కాడా

మా నాన్న బస్సును ఆపబోయి చనిపోయాడా, ఎక్కబోయి చనిపోయాడా అన్న సంగతి మీద ఆ ఎండాకాలం ఊరంతా రెండుగా చీలిపోయింది. నేను పాలు తాగే వయసులో పోయిన మనిషి గురించి, నా బస్సులోనే, నా చేత టికెట్టు కొట్టించుకుని మరీ జనం పోట్లాడుకున్నారు.

నేను సిటీ బస్సులో కండక్టర్ని. మా రూటు రైలు స్టేషన్ దగ్గర మొదలై పెద్దాసుపత్రి మీదుగా పాత మార్కెట్ దాకా వెళ్తుంది. మధ్యలో నాటకాల హాలు స్టాపు ఒకటుంది. అక్కడ దిగేవాడూ లేడు, ఎక్కేవాడూ లేడు. మా డ్రైవరు ఆపకుండానే లాగించేసేవాడు. ఆ వేసవిలో మాత్రం ఆదివారం సాయంత్రం అయ్యేసరికి బస్సు పట్టనంత జనం. ఎవరి మొహం చూసినా అప్పుడే ఎవరితోనో తగువు పడి వచ్చినట్టు ఉండేది. ఏదో నాటకం బాగా ఆడుతోంది కాబోలు అనుకున్నాను. సంచీ నిండుతోంది కదా, నాకేం?

“నాకైతే ఏడుపు ఆగలేదండీ,” అంది ఒకరోజు కిటికీ పక్కన కూర్చున్నావిడ, టికెట్టుకి చెయ్యి చాపుతూనే పక్కావిడతో.

“ఎందుకాగుతుంది? డబ్బులిచ్చి ఏడవడానికే వెళ్లారుగా!” అన్నాడు వెనక సీట్లో గొడుగు పట్టుకున్న పెద్దాయన. “సమ్మె కోసం బస్సుకి అడ్డం వెళ్లి ప్రాణం ఇచ్చినవాడమ్మా అతను. అలాంటివాణ్ణి పట్టుకుని, సమ్మె విరగ్గొట్టడానికి బస్సెక్కబోయాడని చూపిస్తారా? పైగా జనంలోంచి ఒక చెయ్యి వచ్చి లాగేసిందట. అంటే సమ్మె చేసేవాళ్లే చంపారనేగా! నోరెలా వచ్చిందో.”

“ఎక్కబోతే మాత్రం ఏమైందండీ? ఇంట్లో పసిపిల్ల ఆకలికి ఏడుస్తుంటే...”

“అందరిళ్లలోనూ పసిపిల్లలు ఉన్నారు!”

ఆ పసిపిల్ల నేనే. చింపిన టికెట్టు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, “ఏమైందమ్మాయ్?” అని కేకేశాడు. “టికెట్, టికెట్” అంటూ ముందుకు నడిచాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

అప్పటిదాకా ఊళ్లో అందరికీ తెలిసిన కథ ఒకటే. బస్సు కార్మికుల సమ్మె మూడో నెలలో పడింది. యాజమాన్యం బయటి డ్రైవర్లను తెచ్చి, పోలీసు కాపలాతో మొదటి బస్సును డిపో గేటు దాటించబోయింది. కండక్టరైన మా నాన్న దానికి అడ్డంగా వెళ్లాడు. బస్సు ఆగలేదు. ఆయన పోయాడు, సమ్మె గెలిచింది. ఆయన పేరు మీద అమ్మకు డిపోలో సీట్లు కుట్టే పని వచ్చింది, ఉండడానికి క్వార్టరు వచ్చింది, పెద్దయ్యాక నా భుజానికి ఈ సంచీ వచ్చింది. ఏటా ఆ రోజున గేటు దగ్గర సభ పెడతారు. వేదిక మీద అమ్మకు ఒక కుర్చీ వేస్తారు. అమ్మ అందులో కూర్చుంటుంది, నోరు విప్పదు. మాట్లాడేదంతా మా బాబాయి. నాన్నకు సొంత తమ్ముడు, యూనియన్ అధ్యక్షుడు. ఆయన మాట్లాడుతుంటే మగవాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటారు.

డిపోలో నన్ను పల్లెత్తు మాట అన్నవాడు లేడు. తక్కిన ఆడ కండక్టర్లను వెనకనుంచి కూతలు కూసే కుర్రాళ్లు నేను వస్తే సిగరెట్టు దాచేవారు. “మన అన్న కూతురు” అనేవారు. నేను మోసేది టికెట్ల సంచీ ఒక్కటే కాదు, ఆయన పేరు కూడా. అది నాకు బరువుగా ఉండేది కాదు, నిజం చెప్పాలంటే బాగుండేది.

ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి బాబాయి ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద రెండు పేపర్లు పరిచి ఉన్నాయి. ఒకదాంట్లో, ఇంత నిజాయితీ ఉన్న నాటకం ఈ మధ్య రాలేదని రాశారు. రెండోదాంట్లో, చచ్చినవాణ్ణి వేదికెక్కించి రెండోసారి చంపారని రాశారు. నాటకం పేరు ‘మొదటి బస్సు’.

“ఈ ఇంట్లోంచి ఎవ్వరూ ఆ హాలు గడప తొక్కడానికి వీల్లేదు,” అన్నాడు బాబాయి.

అమ్మ ఇంటికి తెచ్చుకున్న సీటు కవరు ఒళ్లో పెట్టుకుని పెద్ద సూదితో అంచు కుడుతోంది. తలెత్తలేదు.

“వదినా, ఎల్లుండి గేటు మీటింగు ఉంది. నువ్వొకసారి మైకు ముందుకొచ్చి ‘ఇదంతా అబద్ధం’ అను. ఒక్క ముక్క. ఇక ఎవడూ నోరెత్తడు.”

“చూడకుండా అబద్ధమని ఎలా అనేది?”

“అయితే వెళ్లి చూస్తావా?”

“చూడను.”

“మరి?”

“చూడను. అనను.”

బాబాయి నావైపు తిరిగి నవ్వాడు. “చూశావా? ఈవిడతో వేగడం ఎవరి తరం? నువ్వైనా చెప్పవే మీ అమ్మకి.”

నేను చెప్పాను. గట్టిగానే చెప్పాను. “నాన్నని అంత మాట అంటుంటే ఇంట్లో కూర్చుని సీట్లు కుట్టుకుంటావా?” అన్నాను. అమ్మ దారం పళ్లతో తెంపి, “ఈ కవర్లు రేపు పొద్దున్నే కావాలన్నారు,” అంది.

బాబాయి ఆదుర్దాకి కారణం ఉంది. ఎండాకాలం చివర్లో యూనియన్ ఎన్నికలు. ఇన్నేళ్లలో ఆయనకు ఎదురు నిలబడ్డవాడే లేడు. ఈసారి వర్క్‌షాపు నుంచి ఒకతను నిలబడ్డాడు. నోరు తెరిస్తే పొగ తప్ప ఏమీ రాదని అందరూ అతన్ని డీజిల్ అంటారు. ఆ నాటకం పుణ్యమా అని డీజిల్ మాటకు మొదటిసారి వినేవాళ్లు దొరికారు.

“నేనేమీ అనట్లేదు. ఒక్క ప్రశ్న అడుగుతున్నాను, అంతే,” అంటున్నాడు ఒక మధ్యాహ్నం రెస్టు రూములో, నేను టీ గ్లాసుతో లోపలికి వెళ్లేసరికి. “బస్సుని ఆపేవాడు ఏ చక్రం కింద పడతాడు? ముందు చక్రం కింద. ఔనా? మరి మన అన్న ఏ చక్రం కింద పడ్డాడు?”

నన్ను చూసి ఆగిపోయాడు. గదిలో క్యారమ్స్ ఆడుతున్నవాళ్లు కూడా ఆగిపోయారు.

వెనక చక్రం. ఆ మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సభల్లో బాబాయే ఎన్నోసార్లు చెప్పాడు, “ఆ వెనక చక్రం నా అన్న మీంచి వెళ్తుంటే” అని. వినీ వినీ అదొక పాటలాగా అలవాటైపోయింది. ముందు చక్రం ఎందుకు కాలేదని ఎవరికీ తోచలేదు, బస్సులతోనే బతికే మాకెవరికీ.

“నువ్వు చూశావా అమ్మాయ్ ఆ నాటకం?” అన్నాడు ఎవరో.

“చూడలేదు.”

“చూస్తావా?”

గదంతా నా జవాబు కోసం కాసుక్కూర్చుంది. వెళ్తానంటే, సొంత కూతురికే అనుమానం వచ్చిందని డీజిల్ ఊరంతా చాటిస్తాడు. వెళ్లనంటే, నిజం చూడడానికి భయపడిందంటాడు. బాబాయి మనుషులు కూడా నా మొహమే చూస్తున్నారు. చివరికి ఒక నాటకానికి వెళ్లాలా వద్దా అన్నది కూడా నా చేతుల్లో లేకుండా పోయింది. గ్లాసు అక్కడ పెట్టేసి డ్యూటీకి పోయాను.

తర్వాతి వారం ఒక కుర్రాడు మా బస్సు ఫుట్‌బోర్డు పట్టుకుని వేలాడుతున్నాడు. లోపల సీట్లు ఖాళీగానే ఉన్నాయి.

“ఏయ్ బాబూ, లోపలికి రా! పడి చస్తే నా నెత్తిమీదకొస్తుంది.”

“రెండు స్టాపులేనండీ.”

“రెండు స్టాపుల్లో చావకూడదని రూలేం లేదు. రా లోపలికి.”

వచ్చినట్టే వచ్చి, సిగ్నలు దగ్గర బస్సు నెమ్మదించగానే దిగాడు. కదలగానే పరుగెత్తి మళ్లీ ఎక్కాడు. డ్రైవరు బ్రేకు తొక్కి తిట్లు లంకించుకున్నాడు. ముందు సీట్లో ముసలావిడ నా మోచెయ్యి తట్టి, “ఆ అబ్బాయేనమ్మా, ఆ నాటకంలో కండక్టరు వేషం వేసేది,” అంది గొప్పగా.

తిరిగి చూశాను. చెవి వెనక రంగు సరిగ్గా కడుక్కోలేదు. బక్కపల్చగా ఉన్నాడు, గడ్డం ఇంకా పూర్తిగా రాలేదు. నాకంటే చిన్నవాడు. మా నాన్న కూడా పోయేనాటికి ఇప్పటి నాకంటే చిన్నవాడే. ఆ సంగతి ఎప్పుడూ అలా ఆలోచించలేదు.

“సారీ అండీ,” అన్నాడు చిల్లర తీస్తూ. “ఏ కాలు ముందు పెట్టాలో రోజూ డౌటే. ఎడమదా, కుడిదా? మీకు తెలిసే ఉంటుంది కదా?”

“ఎక్కే మనిషికి అది గుర్తుండదు,” అన్నాను. టికెట్టు కొట్టిచ్చాను. అతనికి నేనెవరో తెలియదు. తెలియకపోవడమే మేలనిపించింది.

ఆ రాత్రి నుంచీ ఆ నాటకం చూడాలన్న కోరిక మొదలైంది. చూసి తిట్టడానికో, చూసి తేల్చుకోవడానికో నాకే తెలియదు. తీరా దారి చూపించింది బాబాయే. ఇంట్లోంచి ఎవరూ వెళ్లొద్దన్న మనిషే, ఎన్నికలు వారంలో ఉన్నాయనగా వచ్చి, నేను వెళ్లాలన్నాడు.

“ఆదివారం ఆటకి మనవాళ్లు ఒక పాతికమంది టికెట్లు కొనుక్కుని కూర్చుంటాం. నువ్వు ముందు వరసలో కూర్చో. నేను దగ్గుతాను. వెంటనే లేచి నిలబడు. ‘నేను ఆయన కూతుర్ని, ఇదంతా అబద్ధం’ అను. చాలు. తక్కింది మేం చూసుకుంటాం.”

“ఎప్పుడు లేవాలి?”

“గేటు సీను రాకముందే.”

“ముందే ఎందుకు బాబాయ్? అదేగా అసలు అబద్ధం?”

“అది ఒకసారి కళ్లబడిందా, ఇక జనం బుర్రలోంచి పోదు,” అన్నాడు. సబబుగానే అనిపించింది.

బాబాయి వెళ్లాక అమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమె అలా ఊరికే వచ్చి కూర్చునే మనిషి కాదు.

“వెళ్లకే. వినవే నా మాట.”

“ఎందుకు?”

“ఏముంది అందులో చూడ్డానికి? పోయినవాడు పోయాడు.”

“నువ్వు మాట్లాడవు. నన్నూ మాట్లాడొద్దంటావు. నీకు నాన్న మీద ప్రేమ ఉందా అసలు?”

అమ్మ నా వంక చూసింది. లేచి వెళ్లిపోయింది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. నేను మొదటి వరసలో కూర్చున్నాను. వెనక వరసలో బాబాయి, ఆయన పక్కనా వెనకా డిపో మనుషులు. తెర లేచింది. ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క సగం బస్సు, తలుపూ ఫుట్‌బోర్డుతో సహా. నేను పళ్లు బిగించుకుని కూర్చున్నాను. కోపం తెచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

మొదట్లో కోపం వచ్చింది కూడా. వంటింట్లో భార్య వేషం వేసిన అమ్మాయి అరుస్తోంది. “ఇంకెన్నాళ్లు? పక్కింట్లో పాలు ఎన్నిసార్లు అడగను? గ్లాసు పట్టుకుని వెళ్తుంటే తలుపులేసుకుంటున్నారు. నువ్వు పనికి వెళ్తావా, నన్నే వెళ్లి ఆ మేనేజరు కాళ్ల మీద పడమంటావా?” మా అమ్మ ఎప్పుడూ అలా గొంతెత్తి ఎరగదు. చూశావా అబద్ధం, అనుకున్నాను.

ఆ కుర్రాడు గోడకున్న యూనిఫారం చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూ గుడ్డల్లో చుట్టిన పాప దగ్గరికి వెళ్లి వంగాడు.

“చిల్లరా, అమ్మని ఏడిపించకు. ఇప్పుడే వచ్చేస్తా,” అన్నాడు.

నా చుట్టూ ముక్కులు ఎగబీలుస్తున్న చప్పుడు. చిల్లర నా ముద్దుపేరు. రోజంతా చిల్లర లెక్కపెట్టి వచ్చే నాన్న, పుట్టినప్పుడు గుప్పెడంత ఉన్నానని పెట్టాడట. ఆయన పోయాక ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్క అమ్మే. అదీ నాకు జ్వరం వచ్చినప్పుడో, తనకు మనసు బాగోలేనప్పుడో, తలుపులు వేసి ఉన్నప్పుడు. బాబాయికి కూడా తెలియదు.

వెనకనుంచి దగ్గు వినిపించింది.

భార్య తలుపు దగ్గరికి వచ్చి, వెళ్తున్న భర్త వీపు వంక చూస్తోంది. ఇందాక అరిచిన మొహం కాదు.

మళ్లీ దగ్గు. ఈసారి గట్టిగా. ఎవరో నా కుర్చీని కాలితో పొడిచారు. “లే,” అంటోంది బాబాయి గొంతు. “లేవవే.”

నేను లేవలేదు.

చివరికి బాబాయే లేచాడు. “నేను ఆయన తమ్ముణ్ణి! ఇదంతా పచ్చి అబద్ధం!” అని అరిచాడు. పాతికమందీ లేచారు. చెప్పులు గాల్లోకి లేచాయి. కూర్చోమని అరిచేవాళ్లు, కొట్టమని అరిచేవాళ్లు, ఏడుస్తూ బయటికి తోసుకుపోయే ఆడవాళ్లు. దీపాలన్నీ వెలిగాయి. ఆ వెలుగులో ఆ కుర్రాడు సగం బస్సు పక్కన నిలబడి, ఎక్కాలో వద్దో తెలియనట్టు దిక్కులు చూస్తున్నాడు. గేటు సీను రానేలేదు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ కుళాయి కింద బిందె పెట్టి నీళ్లు పడుతోంది.

“చిల్లర అన్నాడు,” అన్నాను.

అమ్మ కుళాయి కట్టేసింది.

“ఆ మాట పెట్టొద్దని చెప్పాను ఆ పిల్లకి,” అంది.

గడప మీద కూర్చుంది. తనే మొదలుపెట్టింది. పోయిన చలికాలంలో, డిపోలో పనిచేసే ఆడవాళ్ల గురించి రాస్తానని ఒక కళ్లజోడు పిల్ల వచ్చిందట. బాబాయే అనుమతి ఇప్పించి, టీ తెప్పించి, కుర్చీ వేయించాడట. ఆ పిల్ల రోజూ అమ్మ మిషను పక్కన కూర్చునేదట.

“ఒకరోజు అడిగింది. ‘ఆ పొద్దున ఆయన ఇంట్లోంచి వెళ్తూ ఏమన్నారు?’ అని. ఇన్నేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరే. గేటు దగ్గర ఏం జరిగిందని అందరికీ కావాలి. ఇంట్లో ఏం జరిగిందని ఎవరికీ అక్కర్లేదు. చెప్పేశాను. నేనే అరిచాను. నేనే పంపాను. పనిలో చేరతానని ముందురోజే మేనేజరుకి కబురు పంపి, పొద్దున మళ్లీ వెనకాడాడు. ఆ మొదటి బస్సుకి కండక్టరు మీ నాన్నే.”

“మరి ఆ చెయ్యి?”

“ఎవరో లాగారని చెప్పాను. ఎవరో చెప్పలేదు.”

“ఎవరో నీకు తెలుసా?”

“ఆ సాయంత్రమే తెలుసు. నా కాళ్ల దగ్గర కూర్చుని తల బాదుకుంటూ చెప్పాడు మీ బాబాయి. అన్నని దింపుదామని చొక్కా పట్టుకుని లాగాడట. చంపాలని కాదే. వాడికి అప్పుడు నిండా ఇరవై కూడా లేవు. పొద్దున లేచేసరికి యూనియన్ పెద్దలు వచ్చి కూర్చున్నారు. అన్న బస్సుని ఆపబోయాడు, అంతే, అన్నారు. నీకు ఉద్యోగం, ఇల్లు, అన్నారు. నువ్వు ఒళ్లో ఉన్నావు. సరేనన్నాను.”

“సరేనన్న మనిషివి సరేనని ఊరుకోకపోయావా? ఇప్పుడెందుకు చెప్పావు?”

అమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. “ఏటా ఆ కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ల కోసం చచ్చిపోయాడని మైకులో చెప్తుంటే వింటూ వచ్చాను. మీ నాన్న వాళ్ల కోసం పోలేదే. మన కోసం పోయాడు. నీ పాల కోసం. ఆ మాట ఎక్కడైనా ఒక్కసారి ఎవరైనా పైకి అంటే బాగుండుననిపించింది.”

నాటకాన్ని మర్నాడే ఆపించేశారు, శాంతిభద్రతలన్నారు. పేపర్లు ఇంకో రెండు వారాలు కొట్టుకున్నాయి. ఎన్నికల్లో బాబాయి ఎవరూ ఊహించనన్ని ఓట్లతో గెలిచాడు. హాల్లో తమ్ముడు గుండె పగిలి అరిచిన అరుపుకి డీజిల్ మనుషులు కూడా కరిగిపోయారని చెప్పుకున్నారు.

నాటకం రాసిన ఆ కళ్లజోడు పిల్ల ఒకసారి ఇంటికి వచ్చింది. మనిషి వెలిగిపోతోంది.

“మీ వల్లేనమ్మా ఇదంతా. ఆపించాక ఇంకా పేరొచ్చింది. ఎక్కడెక్కడినుంచో పిలుస్తున్నారు.”

“నా పేరు బయటపెట్టనన్నావు, పెట్టలేదు. మంచిదే,” అంది అమ్మ. “పిల్ల ముద్దుపేరు వద్దన్నాను కదమ్మా.”

“అది తీసేస్తే సీను పడిపోతుందమ్మా. ఆ ఒక్క మాట దగ్గరే హాలంతా ఏడుస్తుంది.”

“ఏడుస్తుందా?”

“ప్రతి ఆటకీ.”

“అది మేం పిలుచుకునే పేరమ్మా,” అంది అమ్మ.

ఆ పిల్ల నొచ్చుకున్నట్టు తల వంచింది గానీ, తీసేస్తానని మాత్రం అనలేదు. వెళ్తూ వెళ్తూ రెండు పాసులు బల్ల మీద పెట్టింది. వేరే ఊళ్లో మళ్లీ మొదలవుతోందట, నాలుగు గంటల ప్రయాణం. ఆ రోజు నుంచీ అమ్మ నన్ను ఆ పేరుతో పిలవలేదు.

బాబాయి మాత్రం సభ ముందురోజు దాకా మా గడప తొక్కలేదు. వచ్చి, నా వంక చూడకుండా అమ్మతో అన్నాడు.

“రేపు సభ, వదినా. ఐదింటికి.”

“నేను రాను.”

“అదేంటి? కుర్చీ ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది? జనం ఏమనుకుంటారు?”

“చొక్కా ఎక్కడ పట్టుకున్నావు బాబాయ్?” అన్నాను.

ఆయన అమ్మ వంక చూశాడు. అమ్మ ఆయన వంకే చూస్తోంది. బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. ఎప్పుడూ మైకు ముందు చూసిన మనిషి, మా ముందుగదిలో ఉన్నట్టుండి ముసలివాడైపోయాడు.

“కాలరు,” అన్నాడు. “చేతికి అదే అందింది. దింపాలనే, చంపాలని కాదే.”

“తెలుసు.”

“నీకేం తెలుసు? వాడు ఆ బస్సెక్కి వెళ్లిపోయి ఉంటే ద్రోహి అయ్యేవాడు. ఊరు మొహాన ఉమ్మేసేది. మీరు తలెత్తుకు తిరిగేవాళ్లా? ఇప్పుడు చూడు. వాడి పేరు చెప్తే డిపో డిపో లేచి నిలబడుతుంది. ఆ పేరు నిలబెట్టడానికి నేను నా జీవితమంతా...”

“బతికేవాడు కదా,” అంది అమ్మ.

బాబాయి రుమాలుతో మొహమంతా తుడుచుకున్నాడు. లేచి, చెప్పులు వేసుకుంటూ, “నాలుగున్నరకి కారు పంపుతాను,” అన్నాడు.

కారు వచ్చింది. హారను కొట్టి కొట్టి వెళ్లిపోయింది. ఆ ఏడు ఆ కుర్చీలో బాబాయి భార్యని, మా పిన్నిని కూర్చోబెట్టారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. తెల్ల చీర కట్టుకుని, తల వంచుకుని కూర్చున్న ఒక ఆడమనిషి. చూసినవాళ్లెవరికీ తేడా తెలిసినట్టు లేదు.

మేం ఎవరికీ ఏమీ చెప్పలేదు. అమ్మ పని, నా పని, ఈ రెండు గదులు, మూడూ ఆ అబద్ధం మీద నిలబడ్డవే. మమ్మల్ని ఎవరూ వెళ్లగొట్టనూ లేదు. నా రూటు మాత్రం మారింది. ఊరి బయట ఇటుక బట్టీల దాకా వెళ్లే బస్సులో వేశారు. రెస్టు రూములోకి వెళ్తే సిగరెట్లు దాచడం మానేశారు. ఒకరోజు వెనకనుంచి కూత కూడా వినిపించింది.

ఆ ఊళ్లో నాటకం మొదలయ్యే ఆదివారం నాకు సెలవు. పొద్దున్నే తయారయ్యాను. పాసులు సంచీలో పెట్టుకున్నాను. మిగిలిన సగం చూడాలి, ఆ గేటు సీను ఒక్కటైనా చూసి తీరాలి అనుకున్నాను.

“నువ్వూ రా,” అన్నాను అమ్మతో.

“నాకెందుకే? నువ్వెళ్లు. చూడాలనుంటే చూడు, నేనేమీ అనుకోను.”

చెప్పుల్లో కాళ్లు పెట్టి కూడా కదల్లేకపోయాను. ఆ హాల్లో, ముక్కూ మొహం తెలియని జనం నా పేరు విని కళ్లొత్తుకుంటుంటే వాళ్ల మధ్య టికెట్టు లేని ప్రయాణికురాలిలా కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. బస్సు టైము దాటిపోయింది. చెప్పులు విప్పేసి వచ్చి వంటింట్లో అమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఆమె పాత సీట్ల స్పాంజి ముక్కలు కత్తిరిస్తోంది. ఆట వేళ, మూడు దాటింది.

“మొదలైపోయుంటుంది,” అన్నాను.

“ముందు ఏం చూపిస్తారు?” అంది అమ్మ.

“వంటిల్లు. నువ్వు పొయ్యి దగ్గర ఉంటావు. నాన్న గోడకి ఆనుకుని కూర్చుని ఉంటాడు.”

“ఆ పిల్ల లావుగా ఉంటుందా?”

“సన్నగా ఉంటుంది.”

“నేనూ సన్నగానే ఉండేదాన్ని.” కత్తెర పక్కన పెట్టింది. “తర్వాత?”

“నువ్వు అరుస్తావు. పాల గురించి. తలుపులేసుకుంటున్నారని.”

“ఊఁ.”

“చొక్కా వేసుకుంటాడు. పాప దగ్గరికి వస్తాడు. నువ్వు తలుపు దగ్గర నిలబడి చూస్తుంటావు. అక్కడిదాకే చూశాను నేను. అక్కడే గొడవైపోయింది.”

అమ్మ గోడ మీది గడియారం వంక చూసింది. కిటికీ బయట ఎవరో సైకిలుకి గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగాక తనే చెప్పడం మొదలుపెట్టింది. గొంతులో ఏ మార్పూ లేదు.

“ఇంకా పూర్తిగా తెల్లారదు. గేటు దగ్గర అందరూ నిలబడి ఉంటారు, చలికి చేతులు రుద్దుకుంటూ. మీ బాబాయి ముందుంటాడు. బస్సు మెల్లగా వస్తుంది. మీ నాన్న ఆ పక్క సందులోంచి వస్తాడు, ఎవరికీ కనబడకుండా ఎక్కేద్దామని. ఒక కాలు పైన పెడతాడు. అప్పుడు చూస్తాడు మీ బాబాయి. ‘అన్నా, దిగు’ అంటాడు. దిగడు. ‘దిగన్నా, పరువు పోతుంది’ అంటాడు. మీ నాన్న తల వెనక్కి తిప్పి, ‘పిల్లకి పాలు లేవురా’ అంటాడు.”

అక్కడ ఆగింది. బాబాయి నోట విన్న ఆ మాట ఆ కళ్లజోడు పిల్లకి కూడా చెప్పలేదని ఆమె మొహం చూస్తే తెలిసింది.

స్పాంజి ముక్కలు ఒక్కొక్కటే తీసి సంచీలో వేసింది. చివరి ముక్క వేశాక సంచీ మూతి బిగించి కట్టి, గడియారం వంక మళ్లీ చూసింది.

“ఈపాటికి చప్పట్లు కొడుతుంటారు,” అంది అమ్మ.